బోర్డు మీద ఎవరి పేర్లు?

హెడ్మాస్టర్ పిలిచారని సార్ ఆఫీసుకు వెళ్తారు. క్లాస్ లీడర్ చాక్‌పీసు పట్టుకుని బోర్డు దగ్గర నిలబడతాడు. పైన 'మాట్లాడినవాళ్ళు' అని రాసి కింద గీత కొడతాడు. మొదటి పేరు పడటానికి నిమిషం కూడా పట్టదు. మళ్ళీ నోరు తెరిస్తే పేరు పక్కన ఇంటూ, ఇంకోసారి తెరిస్తే ఇంకో ఇంటూ. సార్ తిరిగొచ్చాక ఇంటూల లెక్క చూసి గుంజీలో తిట్లో పంచుతారు. వరంగల్‌లో చదివినా, ములుగులో చదివినా, మంచిర్యాలలో చదివినా హైస్కూలు దాటి వచ్చినవాళ్ళలో ఆ బోర్డు గుర్తు లేనివాళ్ళు అరుదు.

ఆ పీరియడంతా తల ఎత్తకుండా లెక్కలు చేసుకున్న అమ్మాయి పేరు మాత్రం ఏ బోర్డు మీదికీ ఎక్కదు. పక్కవాడికి లెక్క రాకపోతే గుసగుసగా చెప్పిపెట్టిన పిల్లవాడి పేరు ఎక్కుతుంది, ఇంటూతో సహా. తప్పును రాసిపెట్టే ఏర్పాటు మన బడుల్లో చాలా పక్కాగా ఉంది. ఒప్పును రాసిపెట్టే ఏర్పాటు ఆగస్టు 15, జనవరి 26 బహుమతుల దగ్గరే ఆగిపోయింది. అవి కూడా మొదటి మూడు ర్యాంకులకు, ఆటల్లో గెలిచినవాళ్ళకు. ఏటా జెండా కింద నిలబడి స్టీలు పళ్ళెమో టిఫిన్ బాక్సో అందుకునేవి దాదాపు అవే నాలుగైదు జతల చేతులు. మిగతా బడంతా ఎండలో నిలబడి చప్పట్లు కొడుతుంది.

మంచి నడవడికను ప్రోత్సహించడం అనగానే మనసు వస్తువుల మీదికి పోతుంది. ఏం ఇద్దాం, పెన్నా, పుస్తకమా, సర్టిఫికెట్టా? ఖర్చెవరు భరిస్తారు? ఈ ప్రశ్నల కంటే ముందు తేలాల్సింది ఒకటుంది. రోజు మొత్తంలో ఒక పిల్లవాడి పేరు టీచర్ నోట ఎన్నిసార్లు వస్తోంది, దేనికోసం వస్తోంది? అరవై మంది ఉన్న తరగతిలో నడుమ బెంచీ పిల్లవాడు తన పేరు వినేది హాజరు పిలిచినప్పుడు ఒక్కసారే. రెండోసారి వినాలంటే అల్లరి చేయాలి. కొందరు నిజంగానే అందుకోసం చేస్తారు. పదమూడేళ్ళ వయసులో ఎవరి కంటికీ ఆనకుండా ఉండటం కంటే తిట్టు తినడమే నయమనిపిస్తుంది.

బెత్తం పోయాక మిగిలిన ఖాళీ

'దండం దశగుణం భవేత్' అన్న మాట ఇప్పటికీ తెలుగు ఇళ్ళలో సామెతలాగే నడుస్తోంది. పేరెంట్స్ మీటింగుకు వచ్చిన తండ్రి, కొడుకు ముందరే "మంచిగ కొట్టుండ్రి సార్, నేనేమన" అని చెప్పి పోతాడు. అందులో కొడుకు మీద కోపం లేదు, వాడికి చదువు రావాలన్న ఆరాటం ఉంది. ఆయన చదివిన రోజుల్లో చదువు వచ్చే దారి గోడకుర్చీ, గుంజీలు, బెత్తం మీదుగానే పోయేది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే కదా, పదో తరగతికి వర్తించదు కదా అనే వాదన అక్కడక్కడా వినిపిస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఆ వాదనకు చోటివ్వదు. పద్దెనిమిదేళ్ళు నిండని ఎవరినైనా, తమ అధీనంలో ఉన్నప్పుడు హింసించడం దాని ప్రకారం నేరం.

కాగితం మీద బెత్తం పోయింది. దాని బదులు చేతికి ఏమివ్వాలో శిక్షణల్లో చెప్పింది తక్కువ. "కొట్టొద్దంటరు, తిట్టొద్దంటరు, మరి ఏం చెయ్యాలె?" అని స్టాఫ్‌రూములో వినిపించే మాటను సాకుగా కొట్టిపారేయడం అన్యాయం. అది నిజమైన ప్రశ్న. జవాబు చెప్పకుండా చట్టం చూపించి ఊరుకుంటే టీచర్ చేతులెత్తేస్తాడు. తరగతి గాలికి పోతుంది. అందులో ఎక్కువ నష్టపోయేది ట్యూషన్‌కు పోలేని పిల్లలే.

ఈ ప్రశ్న మీద అర్ధ శతాబ్దానికి పైగా పని జరిగింది. 1968లో అమెరికాలో మాడ్‌సెన్, బెకర్, థామస్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పద్ధతినీ విడివిడిగా పెట్టి చూశారు. నియమాలు చెప్పి గోడకు అతికించినంత మాత్రాన పిల్లల నడవడిక పెద్దగా మారలేదు. చిన్న చిన్న అల్లరిని పట్టించుకోకుండా, సరైన పని చేస్తున్న క్షణంలో పిల్లవాణ్ణి మెచ్చుకోవడం మొదలుపెట్టాక మార్పు స్పష్టంగా కనిపించింది. అసలు పని చేసింది మెచ్చుకోలు అని వాళ్ళు తేల్చారు. మరుసటి ఏడాది, 1969లో, బారిష్, సాండర్స్, ఉల్ఫ్ అనేవాళ్ళు నాలుగో తరగతిని రెండు జట్లు చేసి ఒక ఆట ఆడించారు. నియమం తప్పితే ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టుకు భోజనానికి ముందు వరుస, కాసేపు ఇష్టమైన పని చేసుకునే సమయం లాంటి చిన్న చిన్న లాభాలు. రెండు జట్లూ హద్దులోపలే ఉంటే రెండూ గెలిచినట్టే. అల్లరి బాగా తగ్గింది.

మన క్లాస్ లీడర్ చేతిలో ఉన్నదీ అదే బోర్డు, అదే చాక్‌పీసు. తేడా ఒక్కటే. అక్కడ గీత చివర గెలిచే దారి ఉంది. ఇక్కడ ఇంటూ చివర దెబ్బ తప్ప ఏమీ లేదు. నోరు మూసుకున్నవాడికి దక్కేది దెబ్బ పడకపోవడం, అంతే.

నల్లా దగ్గర

నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకుందాం. మధ్యాహ్న భోజనం అయిపోవచ్చింది. పిల్లలు నల్లాల దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్నారు. గచ్చు మీద మెతుకులు, పప్పు జిడ్డు, నీళ్ళు. ఆరో తరగతి చిన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి జారుతున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు పళ్ళెం కడుక్కుని నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. కారుతున్న నల్లా కట్టేశాడు. మూలనున్న చీపురు తీసుకుని నీళ్ళను కాలువలోకి తోశాడు. ఎవరూ చెప్పలేదు. వరండాలో నిలబడ్డ టీచర్ చూశారు.

ఇప్పుడు ఆ టీచర్ ఏమంటారన్న దాని మీద చాలా ఉంది. ఏమీ అనకపోవడం మామూలుగా జరిగేది. "మంచి పిల్లగానివిరా" అంటే వాడికి సంతోషమే, కానీ ఏది మంచో తెలియదు. పైగా రేపు ఏదైనా తప్పు చేస్తే ఆ మంచి పిల్లగాడన్న బిరుదు పోతుందన్న బెరుకు. "నల్లా బంద్ చేసినవ్, నీళ్ళు తోసినవ్, చిన్నపిల్లలు జారిపడకుంట అయింది. నేను చూసిన" అంటే పది సెకన్లలో అన్నీ వచ్చేశాయి. చేసిన పనేమిటి, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, దాన్ని ఎవరు గమనించారు.

1998లో ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాలూ ఈ దారినే చూపించాయి. ఐదో తరగతి పిల్లల్లో 'నువ్వు తెలివైనవాడివి' అనిపించుకున్నవాళ్ళు తర్వాత కష్టమైన ప్రశ్నలు ఎదురై తప్పినప్పుడు తొందరగా నీరుగారిపోయారు. 'బాగా శ్రమ పడ్డావు' అనిపించుకున్నవాళ్ళు పట్టు వదల్లేదు. ఒక్క పొగడ్త మాటతో పిల్లవాడి చదువంతా మారిపోతుందని దీని అర్థం కాదు. మనిషికి ముద్ర వేసే మాట కంటే పనిని వర్ణించే మాట మేలని మాత్రం నమ్మకంగా చెప్పొచ్చు.

నాలుగో రకం స్పందన ఇంకొకటుంది, అది మెచ్చుకోలు రూపంలో వచ్చే శిక్ష. "శభాష్, రేపటి సంది రోజూ నువ్వే చెయ్" అనేస్తారు. తనంతట తాను చేసిన పని మరునాటికి వాడి నెత్తిన పడ్డ డ్యూటీ అవుతుంది. ఇంకోసారి ఎవరూ చూడకుండా తప్పుకుని పోవడం వాడు నేర్చుకుంటాడు. ఊడ్చే పనులూ తుడిచే పనులూ ఎవరికి 'బాధ్యత'గా అప్పగిస్తున్నామన్నది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఆడపిల్లలకు చీపురు, మగపిల్లలకు స్టేజీ, ఫలానా వాడకట్టు పిల్లలకు మరుగుదొడ్ల దగ్గరి పని అని పంచితే అది ప్రోత్సాహం కాదు, ఊరి పాత అన్యాయాన్ని బడిలోకి తెచ్చిపెట్టడం. ఈ ఒక్క విషయంలో ఏ హెడ్మాస్టరూ పొరపాటు పడకూడదు.

పదిహేనేళ్ళ వాడికి చప్పట్లు బరువు

ఆరో తరగతికి పనిచేసింది తొమ్మిదో తరగతికి పనిచేయదు. చిన్నవాళ్ళు పుస్తకంలో నక్షత్రం ముద్ర వేయించుకోవడానికి ఎగబడతారు. అదే ముద్ర తొమ్మిదో తరగతి పిల్లవాడికి వేస్తే దోస్తులు నెల రోజులు ఆటపట్టిస్తారు. అందరి ముందు నిలబెట్టి "వీణ్ణి చూసి నేర్చుకోండ్రి" అంటే ఆ మధ్యాహ్నానికే వాడు 'సార్ చెంచా' అవుతాడు. ఆ పేరు పోగొట్టుకోవడానికి మరుసటి వారం హోంవర్క్ చేసి కూడా చేయలేదని చెప్పే పిల్లలుంటారు. ఈ వయసులో సార్ మెప్పు కంటే తోటివాళ్ళ మెప్పు బరువైనది. రెంటికీ పోటీ పెడితే ఓడేది సారే.

కాబట్టి పెద్ద తరగతుల్లో మెచ్చుకోలు గొంతు తగ్గాలి. నోటుబుక్కు దిద్దేటప్పుడు మార్జిన్‌లో ఒక వాక్యం, బెల్లు కొట్టాక తలుపు దగ్గర ఆపి ఒక మాట. అందరి ముందే చెప్పాలంటే తరగతి మొత్తానికో, గుంపు మొత్తానికో చెప్పడం మంచిది. ఇష్టమైన వస్తువు కంటే ఎంచుకునే హక్కు ఈ వయసు పిల్లలకు విలువైనది. ప్రాజెక్టు పనిలో అంశం తామే తీసుకోవడం, శనివారం చివరి పీరియడ్ కబడ్డీయా లైబ్రరీయా అన్నది తామే తేల్చుకోవడం లాంటివి. స్వయంపాలన దినోత్సవం నాడు తెలుగు సార్ కుర్చీలో కూర్చుని ఏడో తరగతికి పద్యం చెప్పిన పిల్లల ముఖాలు చూసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. కానీ ఆ కుర్చీలు కూడా ఎక్కువగా ర్యాంకు పిల్లలకే పోతున్నాయి. ఒక్కసారి వెనక బెంచీకి ఇచ్చి చూడాలి.

అవకాశమే అన్నిటికంటే పెద్ద గుర్తింపు అనడానికి ఈ ప్రాంతంలోనే సాక్ష్యముంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చి తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ, 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. ముందు భువనగిరి బండల మీద ఎక్కించి చూశారు, తర్వాత హిమాలయాలకు పంపించారు. మార్కుల పట్టిక ఒక్కటే చూసి పిల్లల్ని ఏరి ఉంటే ఆ దారి తెరుచుకునేదే కాదు. ప్రతి బడిలోనూ ఎవరెస్టు ఉండదు. సైన్స్ ఫేర్‌కు ఎవర్ని పంపాలి, మండల స్థాయి ఖోఖోకు ఎవర్ని తీసుకుపోవాలి, అతిథి వచ్చినప్పుడు మైకు ఎవరికివ్వాలి అన్న నిర్ణయాలు మాత్రం ప్రతి బడిలోనూ నెలనెలా జరుగుతాయి.

వస్తువుల గురించీ ఒక మాట. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి 'బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు, ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని వేళల్లో చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు బొమ్మల దగ్గర గడిపిన సమయం మిగతావాళ్ళు గడిపిన దాంట్లో దాదాపు సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనికి ధర కడితే అది కూలి పని అయిపోతుందన్నమాట.

అలాగని బహుమతులన్నీ చెడ్డవని తేల్చేయడం తొందరపాటు. అసలు మొదలే కాని పనికి చిన్న ఆశ చూపించి కదిలించవచ్చు, కదిలాక మెల్లగా తగ్గించాలి. వారాల తరబడి హోంవర్క్ తేని పిల్లవాడు ఒకరోజు అర పేజీ రాసుకొస్తే, మిగతా అర పేజీ ఏదని అడగడం ఆ అర పేజీని కూడా చంపేయడమే. ఆ రోజుకు అర పేజీ చాలు. వచ్చే వారం ముప్పావు అడగొచ్చు. ఇప్పటికే లైబ్రరీలో మునిగిపోయే పిల్లకు 'పుస్తకానికి పది పాయింట్లు' అని మాత్రం పెట్టొద్దు. ఆమె దగ్గరికి వెళ్ళి ఆ పుస్తకంలో ఏముందో అడిగి వినడం చాలు.

పత్తి ఏరుడు రోజుల్లో వంద శాతం హాజరు

చాలా బడుల్లో ఇచ్చే నడవడిక బహుమతి ఒకటే, పూర్తి హాజరుకు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. పరకాల, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి ఏరుడు. ఆ వెంటనే మిర్చి. దసరా సెలవులు అయిపోయినా పై తరగతుల్లో బెంచీలు నిండవు. కూలి దొరకని ఇంట్లో తొమ్మిదో తరగతి బిడ్డ చేతులే కూలి చేతులు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే బస్తాల్లో ఆ పిల్లల బడి రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి అమ్మాయి పది రోజులు రాలేదనుకుందాం. పదకొండో రోజు వచ్చింది. వేళ్ళ కొసలు పత్తికాయ గీరుకుని చీరుకుపోయి ఉన్నాయి. మధ్యాహ్నం తినగానే స్నేహితురాలి నోట్సు ముందేసుకుని రాసుకుంటోంది. హాజరు బహుమతి లెక్కలో ఆమె జూన్‌లో ఎంత క్రమంగా వచ్చినా ఈసారికి ఓడిపోయింది, ఇక మార్చి దాకా ఆ బహుమతికీ ఆమెకూ సంబంధం లేదు. బడి ఎదురుగా ఇల్లున్న పిల్లకు మాత్రం ఖాయం. ఒకే ఆర్టీసీ బస్సు మీద ఆధారపడ్డ తండా పిల్లలు ఆలస్యంగా రావడం కూడా ఇలాంటిదే. బస్సు ఆలస్యమైతే దానికి ఇంటూ ఎవరికి?

పిల్లల చేతిలో లేనిదానికి బహుమతి పెడితే అది అదృష్టానికి ఇచ్చే బహుమతి. తిరిగి రావడం ఆ అమ్మాయి చేతిలో ఉంది. పోయిన పాఠాలు రాసుకోవడం ఆమె చేతిలో ఉంది. తన నోట్సు ఇచ్చి, పక్కన కూర్చుని అర్థం చెప్పిన స్నేహితురాలిదీ మంచి పనే. బడి గుర్తించాల్సింది అక్కడ. అవతల ఆమె ఇంటికి పోయి బడి మానిపించొద్దని మాట్లాడటం పెద్దల పని, దాన్ని పిల్ల మీద వేయడానికి లేదు.

హక్కుగా ఉన్నవాటిని బహుమతిగా మార్చడం ఇంకో పొరపాటు. భోజనం, నీళ్ళు, బాత్రూంకు పోవడం, గురుకులాల్లో ఇంటికి ఫోన్ మాట్లాడటం, ఇవేవీ 'బాగుంటేనే' ఇచ్చేవి కావు. ఆటల పీరియడ్ కూడా అంతే. పదో తరగతి వాళ్ళకు ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పేసి, ఎప్పుడో ఒకరోజు ఆడుకోనిస్తే దాన్ని బహుమానంగా చెప్పుకుంటున్నాం. వాళ్ళది వాళ్ళకు తిరిగివ్వడాన్ని ప్రోత్సాహం అనలేం.

ఖర్చు లేకుండా, అన్నిటికంటే ఎక్కువగా పనిచేసే మార్గం ఫోన్. ఇప్పుడు బడి నుంచి ఇంటికి ఫోన్ పోతే దాని అర్థం ఒక్కటే. చేనులో ఉన్న తల్లి నంబరు చూడగానే గుండె జారిపోతుంది.

"ఏం జేసిండు సార్ మావోడు?"

"ఏం తప్పు చెయ్యలేదమ్మా. నిన్న క్లాసుల కొత్తగ వచ్చిన పిల్లగాడు ఒక్కడే కూసుంటే మీవోడు పోయి పక్కన కూసున్నడు. టిఫిన్ పంచుకున్నడు. మీకు చెప్పాలె అనిపించింది."

అవతల కాసేపు మాట రాదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అప్పటిదాకా "కొట్టుండ్రి సార్" అన్న తల్లిదండ్రులకు కొడుకు గురించి బడి చెప్పిన మొదటి మంచి మాట అదే కావచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్ళు చాలా. నోటుబుక్కు పేజీ ఒకటి ఫొటో తీసి పంపితే అది అక్కడి క్యాంపు గదిలో పదిమందికి చూపించుకునే ఫొటో అవుతుంది.

ఇదంతా ఒక్క టీచర్ చేస్తే నిలవదు. హైస్కూల్లో గంట గంటకూ సార్ మారతారు. రెండో పీరియడ్‌లో చెయ్యి ఎత్తి అడిగినందుకు మెప్పు, మూడో పీరియడ్‌లో అదే పనికి "నోర్మూసుకుని కూసో" అంటే పిల్లలు మనుషుల్ని బట్టి నటించడం నేర్చుకుంటారు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1990ల నుంచి అభివృద్ధి చేసిన పద్ధతిలో ముఖ్యమైన మెట్టు ఇదే. బడి మొత్తానికి మూడు నుంచి ఐదు అంచనాలు, అంటే పిల్లలు ఎలా నడుచుకోవాలన్న మాటలు, పెట్టుకోవాలి, అవి తరగతిలో, వరండాలో, భోజనం దగ్గర ఎలా కనిపిస్తాయో పిల్లలకు పాఠంలా నేర్పాలి, పెద్దలందరూ ఒకే తీరున గుర్తించాలి. రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞలో ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటామన్న మాట ఉంది. తెలంగాణ నేలకే చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన ప్రతిజ్ఞ అది. నల్లా దగ్గర మర్యాద అంటే ఏమిటో, బస్సెక్కేటప్పుడు మర్యాద అంటే ఏమిటో పిల్లలతోనే చెప్పించి రాయిస్తే అంచనాలు కొత్తగా వెతుక్కోనక్కర్లేదు.

ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని చూసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో విలువలు, జీవన నైపుణ్యాలకు గ్రేడు వేసే గడి ఇప్పటికే ఉంది. చాలాచోట్ల ఏడాది చివర ఒకేసారి కూర్చుని, జ్ఞాపకం మీద, అందరికీ ఒకటే నింపేస్తారు. ఆ గడికి ఆధారం కావాలంటే జేబులో పట్టే చిన్న పుస్తకం చాలు. క్లాస్ టీచర్ రోజుకు ముగ్గురి పేర్లు, ఒక్కొక్కరికి ఒక్క ముక్క. 'నల్లా బంద్ చేసిండు.' 'నోట్సు ఇచ్చింది.' 'తప్పు తనదేనని ఒప్పుకున్నడు.' రెండు నిమిషాల పని. నెలాఖరున దాన్ని హాజరు పట్టీ పక్కన పెట్టుకుని ఒక్కో పేరుకూ టిక్కు పెట్టుకుంటూ పోతే మొదటి నెల సగం పేర్లకు ఎదురుగా ఏమీ ఉండదు. ఆ పిల్లలు ఏ మంచీ చేయలేదని కాదు, ఎవరూ అటు చూడలేదు. ఆ పేర్లన్నీ వరుసగా కొత్త పేజీలో రాసుకుని, మరుసటి నెల ఒకటో తారీఖున పుస్తకం అక్కడి నుంచి తెరవాలి.